మీ సొంత కుకీ రెసిపీని తయారు చేసుకోవడం ఎలా?

కుకీలు చేయడం చేతికి అలవాటయ్యాక ఒక కోరిక మొదలవుతుంది. ఎవరో ఇచ్చిన కొలతలతో చేసింది చాలు, నాదంటూ ఒక కుకీ ఉండాలి అని. ఆ కోరికతో వంటింట్లోకి వెళ్లిన మొదటి రోజు చాలామంది అల్మరాలో ఉన్న డబ్బాలన్నీ దించేస్తారు. ఓట్స్, కోకో, దాల్చినచెక్క, ఎండు పండ్లు, గింజలు, ఏది కనిపిస్తే అది ఒకే గిన్నెలో పడుతుంది. ఒక్కోసారి అద్భుతంగా వస్తుంది కూడా. కానీ ఎందుకు బాగా వచ్చిందో తెలియదు కాబట్టి రెండోసారి అది రాదు. నేను రెండేళ్ల పాటు ఇలాగే చేశాను. నాకు బాగా నచ్చిన కుకీలు రెండు మూడు అలాగే పోయాయి. ఇప్పటికీ వాటిని తిరిగి తెచ్చుకోలేకపోయాను.

సొంత రెసిపీకి ముందుగా కావాల్సింది ఒక మామూలు కుకీ. దాని పాళ్లు మీకు కొట్టినపిండి అయిపోవాలి. అక్కడి నుంచి ఒక్కో మార్పు చేస్తూ, ప్రతిదీ రాసుకుంటూ వెళ్తే, పది పన్నెండు ట్రేల తర్వాత మీ చేతిలో ఉన్న కుకీ ఇంకెవరి దగ్గరా ఉండదు.

మొదలుపెట్టే ముందు

గ్రాముల్లో చూపించే చిన్న డిజిటల్ కాటా తప్పనిసరి. కప్పు కొలతతో ప్రయోగాలు చేయలేం. ఒకే కప్పులో పిండిని వదులుగా పోస్తే 120 గ్రాములు పట్టవచ్చు, అదిమి నింపితే 150 దాకా పట్టవచ్చు. ఆ 30 గ్రాముల తేడాతో కుకీ స్వరూపమే మారిపోతుంది. మీరేమో ఆ మార్పు వెనిల్లా వల్ల వచ్చిందనుకుంటారు.

ఓవెన్ లోపల పెట్టే థర్మామీటర్ కూడా ఒకటి ఉంటే మంచిది. మీట 180 దగ్గర ఉన్నంత మాత్రాన లోపల 180 ఉందని నమ్మకండి. పది, ఇరవై డిగ్రీల తేడా మామూలే. తేడా ఎంతో ఒకసారి తెలిస్తే చాలు, దాన్ని బట్టి మీట సర్దుకోవచ్చు. ఇక ఒక నోటుబుక్కు, ఒక స్కేలు. స్కేలు ఎందుకో కాసేపట్లో చెబుతాను.

పునాది కుకీ

నేను వాడే పునాది ఇది. పిండి సరిగ్గా 100 గ్రాములు పెట్టుకున్నాను. అలా పెడితే మిగతా ప్రతి అంకే పిండిలో ఎంత శాతమో తనే చెప్పేస్తుంది, లెక్క వేసుకునే పని ఉండదు.

మైదా 100 గ్రాములు
ఉప్పు లేని వెన్న 65 గ్రాములు
తెల్ల చక్కెర 40 గ్రాములు
బ్రౌన్ షుగర్ 35 గ్రాములు
గిలకొట్టిన గుడ్డు 20 గ్రాములు
వంట సోడా 1 గ్రాము
ఉప్పు 1 గ్రాము
వెనిల్లా కొన్ని చుక్కలు

మామూలు కాటాలు ఒక గ్రామును సరిగ్గా చూపించవు. కాబట్టి సోడా, ఉప్పు మాత్రం పావు టీస్పూన్ కంటే కాస్త తక్కువగా తీసుకోండి. ఏ చెంచాతో మొదలుపెట్టారో చివరిదాకా అదే వాడండి.

వెన్న వేలితో నొక్కితే గుంట పడాలి గానీ నూనెలా మెరవకూడదు. అది దాదాపు 18 నుంచి 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాన్ని రెండు చక్కెరలతో కలిపి రెండు నిమిషాలు బాగా గిలకొట్టండి. చక్కెర పలుకులు వెన్నలోకి చొచ్చుకుపోతూ గాలి బుడగలను లోపల ఇరికిస్తాయి. తర్వాత సోడా ఆ బుడగలను పెద్దవి చేస్తుంది. గుడ్డు, వెనిల్లా కలిపి, చివర్లో సోడా, ఉప్పు కలిపిన మైదా వేయండి. పొడి పిండి కనిపించకుండా పోగానే ఆపేయండి. 25 గ్రాముల చొప్పున తూచి ఉండలు చేస్తే పది వస్తాయి. మధ్యలో ఐదు సెంటీమీటర్లు వదిలి ట్రేలో పెట్టి, 175 డిగ్రీల దగ్గర 10 నుంచి 12 నిమిషాలు కాల్చండి.

మొదటిసారి మాత్రం అన్నీ ఒకేసారి తీయకండి. ఒక్కో జత కింద విడిగా బటర్ పేపర్ ముక్క వేసి పెట్టండి. 9వ నిమిషంలో ఒక జత, 11వ నిమిషంలో ఒక జత, 13వ నిమిషంలో ఒక జత పేపర్ పట్టుకుని బయటికి జార్చండి. చల్లారాక మూడింటినీ పక్కపక్కన పెట్టి విరవండి. ఒకటి వంగి సాగుతుంది, ఒకటి అంచు విరిగి మధ్యలో వంగుతుంది, ఒకటి టక్కున రెండు ముక్కలవుతుంది. ఒకే ముద్దలోంచి మూడు కుకీలు! రెసిపీలో ఏమీ మార్చకుండానే మీకు ఇంత చేతిలో ఉందని మొదటి రోజే తెలియాలి. నాకు ఇది తెలియడానికి చాలా కాలం పట్టింది. నిమిషాలతో సరిపోయే పనికి పిండి, వెన్న మారుస్తూ కూర్చునేదాన్ని.

ఈ పునాదిని కనీసం మూడుసార్లు చేయండి. మూడుసార్లూ ఒకేలా వచ్చేదాకా ప్రయోగం మొదలుపెట్టొద్దు. ఇక్కడే స్కేలు అవసరం. కుకీ అడ్డంగా ఎన్ని సెంటీమీటర్లు పరుచుకుందో, ఎంత మందం ఉందో కొలిచి రాయండి. "కొంచెం పలచగా వచ్చింది" అని రాసుకుంటే వారం తర్వాత అది దేనికీ పనికిరాదు. "7.5 సెంటీమీటర్లు" అని రాస్తే పనికొస్తుంది.

మీ నోటికి ఏం కావాలి?

ఇప్పుడు కాగితం మీద ఒక వాక్యం రాయండి. అందులో దినుసుల పేర్లు ఉండకూడదు. కొరికినప్పుడు ఏం జరగాలి, నమిలేటప్పుడు ఏం జరగాలి, మింగాక నోట్లో ఏ రుచి మిగలాలి, అంతే. "అంచు కరకరలాడాలి, మధ్యలో సాగాలి, చివర్లో కాస్త చేదు తగలాలి." లేదా "నోట్లో పెట్టగానే గుల్లగా రాలిపోవాలి, తీపి కంటే వెన్న ముందు తెలియాలి." "చాక్లెట్ కుకీ కావాలి" అనుకుంటే ఏం మార్చాలో తెలియదు. "సాగాలి" అనుకుంటే తెలుస్తుంది.

చాక్లెట్ చిప్ కుకీ అనుకోకుండా పుట్టిందని ఒక కథ బాగా తిరుగుతుంటుంది. నిజానికి అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని విట్‌మన్‌లో టోల్ హౌస్ ఇన్ నడిపిన రూత్ వేక్‌ఫీల్డ్ 1930లలో దాన్ని తయారు చేశారు. ఆమె వంటశాస్త్రం చదువుకున్న మనిషి. అప్పటికే ఐస్‌క్రీమ్‌తో పాటు పలచటి బటర్‌స్కాచ్ కుకీ ఒకటి వడ్డించేవారు. అది అందరికీ నచ్చుతున్నా, ఇంకేదైనా కొత్తగా ఇవ్వాలని పూనుకుని చేసిన పని అది. నాకైతే అనుకోకుండా జరిగిందనే కథ కంటే ఇదే ఎక్కువ నచ్చుతుంది. చేతిలో ఉన్న కుకీలోంచే కొత్తది వచ్చింది.

ఏది మారిస్తే ఏమవుతుంది

ముందుగా చక్కెర గురించి చెప్పాలి, ఎందుకంటే అందరూ మొదట చేయి వేసేది దాని మీదే. చక్కెర తీపి కోసమే అనుకుని 75 గ్రాములను 45కి తగ్గిస్తే, కుకీ పరుచుకోదు, రంగు రాదు, చిన్న బన్నులా ఉబ్బి కూర్చుంటుంది. ఓవెన్‌లో చక్కెర ముద్దలోని నీళ్లలో కరిగి పాకమవుతుంది. ఆ పాకమే కుకీని పరుస్తుంది, చల్లారాక గట్టిపడి కరకరలాడిస్తుంది. తీపి తగ్గించాలంటే 5 గ్రాముల చొప్పున తగ్గిస్తూ రండి. దానికంటే ముందు ఉప్పు కొంచెం పెంచి చూడండి. చాలాసార్లు అక్కడే సమస్య తీరిపోతుంది.

తెల్ల చక్కెర వాటా పెంచితే కుకీ పలచగా, కరకరగా వస్తుంది. బ్రౌన్ షుగర్‌లో మొలాసిస్ అనే నల్లటి చిక్కటి చెరకు పాకం ఉంటుంది, అది తేమను పట్టి ఉంచుతుంది. కాబట్టి దాని వాటా పెంచితే మందంగా, మెత్తగా, సాగేలా వస్తుంది. మొత్తం 75 గ్రాములను అలాగే ఉంచి, ఒక ట్రే అంతా తెల్ల చక్కెరతో, ఒకటి అంతా బ్రౌన్ షుగర్‌తో చేయండి. ఈ ఒక్క ప్రయోగంలో ఎంత నేర్చుకోవచ్చో చేస్తేనే తెలుస్తుంది.

వెన్నలో కొవ్వు దాదాపు 80 శాతం, మిగతాదాంట్లో ఎక్కువ భాగం నీళ్లే. అది 32 నుంచి 35 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది, అంటే ఓవెన్‌లో పెట్టిన మొదటి నిమిషాల్లోనే. అందుకే ఫ్రిజ్‌లో పెట్టిన ఉండ తక్కువ పరుచుకుంటుంది, వెచ్చగా ఉన్న ఉండ ఎక్కువ పరుచుకుంటుంది. గిలకొట్టే బదులు వెన్న కరిగించి కలిపితే గాలి చేరదు, కుకీ దట్టంగా, సాగేలా వస్తుంది. వెన్నను గోధుమరంగు వచ్చేదాకా కాస్తే కమ్మని గింజల వాసన వస్తుంది, నాకు చాలా ఇష్టమైన మార్పు ఇది. కానీ కాచినప్పుడు నీళ్లన్నీ ఆవిరైపోతాయి. 65 గ్రాములు పెడితే 54 గ్రాముల దాకా మిగులుతుంది. గిన్నెను మళ్లీ తూచి, తగ్గిన బరువుకు సరిపడా నీళ్లు కలపండి. అది మరిచిపోతే ముద్ద పొడిపొడిగా విడిపోతుంది.

గుడ్డు విషయం క్లుప్తంగా చెబుతాను. పచ్చసొనలో కొవ్వు ఉంది, అది కుకీని మెత్తగా, కమ్మగా చేస్తుంది. తెల్లసొన పదింట తొమ్మిది వంతులు నీళ్లే, మిగతాది ప్రొటీన్. దాంతో కేకులా ఉబ్బుతుంది, ఆరిపోతుంది. గుడ్డు పూర్తిగా తీసేస్తే గుల్లగా రాలే కుకీ వస్తుంది.

మైదా 10 గ్రాములు పెంచితే మందం పెరుగుతుంది, తగ్గిస్తే పలచబడుతుంది. అందులో 10 గ్రాములు తీసి కార్న్‌ఫ్లోర్ వేస్తే గుల్లదనం వస్తుంది. 15 గ్రాములు తీసి కోకో వేయొచ్చు. కానీ అప్పుడు రంగు చూసి ఉడికిందో లేదో చెప్పలేరు, గడియారాన్నే నమ్ముకోవాలి. కోకో తడిని మైదా కంటే ఎక్కువ పీల్చుకుంటుందని కూడా గుర్తుంచుకోండి.

సోడా పుల్లటి పదార్థంతో కలిసినప్పుడు బాగా పనిచేస్తుంది. ఇక్కడ ఆ పులుపు కొద్దిగా బ్రౌన్ షుగర్ నుంచి వస్తుంది. సోడా రంగును కూడా త్వరగా తెస్తుంది. రెట్టింపు చేస్తే మాత్రం సబ్బు రుచి తగులుతుంది. బేకింగ్ పౌడర్ వాడాలనుకుంటే సోడాకు దాదాపు మూడు రెట్లు వేయాలి.

ఇక వేడి. కుకీ గోధుమరంగులోకి తిరగడానికి కారణమైన చర్యను ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కామీ మయార్ 1912లో వివరించారు. ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలు, కొన్ని రకాల చక్కెరలు వేడికి కలిసి కొత్త వాసనలు, రుచులు పుట్టిస్తాయి. 140 డిగ్రీలు దాటితే ఇది జోరందుకుంటుంది. కాబట్టి పాలిపోయిన కుకీ అంటే రుచి పూర్తిగా పుట్టని కుకీ. 190 దగ్గర కాలిస్తే అంచు త్వరగా రంగెక్కి మధ్యలో మెత్తగా ఉంటుంది. 160 దగ్గర ఎక్కువసేపు కాలిస్తే లోపలిదాకా ఒకేలా ఆరి కరకరలాడుతుంది.

ముద్దను ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచడం కూడా మార్పే. పిండి తడిని నిదానంగా పీల్చుకుంటుంది, రుచి చిక్కబడుతుంది. సగం ఉండలు వెంటనే, సగం 24 గంటల తర్వాత కాల్చి చూడండి.

ఒక ట్రేకి ఒకే మార్పు

ఇది మాత్రం ఖచ్చితంగా పాటించండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే వచ్చిన ఫలితం దేని వల్లో తేలదు. వెన్న కాచి, బ్రౌన్ షుగర్ పెంచి, గుడ్డు తగ్గిస్తే కుకీ బాగుండవచ్చు. తర్వాత దాన్ని ఇంకొంచెం బాగు చేయాలంటే ఎక్కడ పట్టుకోవాలో తెలియక గుడ్డెద్దు చేలో పడ్డట్టు అవుతుంది. ప్రతిసారీ పక్కన మారని పునాది కుకీలు రెండు కాల్చుకోండి. జ్ఞాపకంతో పోల్చడం కంటే ఎదురుగా పెట్టుకుని పోల్చడం మేలు. పునాది ముద్దను ఒకేసారి ఎక్కువ చేసి, ఉండలు చుట్టి ఫ్రీజర్‌లో దాచుకుంటే ఈ పని సులువవుతుంది.

నోటుబుక్కులో నేను రాసేవి: తేదీ, ట్రే నంబరు, ఏ ఒక్కటి మారింది, ఓవెన్ వేడి, నిమిషాలు, అడ్డం, మందం, చల్లారాక రుచి, మర్నాటి రుచి. ఫోన్‌లో అంచు విరిచిన ఫోటో ఒకటి.

నువ్వుల తేనె కుకీ ఎలా వచ్చిందంటే

నేను రాసుకున్న వాక్యం ఇది: "కరకరలాడాలి, తేనె వాసన చివర్లో రావాలి, మర్నాటికి కూడా మెత్తబడకూడదు."

మొదటి ట్రేలో బ్రౌన్ షుగర్ 35 గ్రాములు తీసేసి అంతే తేనె వేశాను. తొమ్మిదో నిమిషానికే అంచులు నల్లబడ్డాయి, కుకీలు ఒకదానికొకటి అంటుకున్నాయి. తేనెలో ఆరో వంతు నీళ్లుంటాయి, పైగా అందులోని ఫ్రక్టోజ్ అనే చక్కెర చాలా త్వరగా రంగెక్కుతుంది. రెండో ట్రే 160 డిగ్రీల దగ్గర 16 నిమిషాలు కాల్చాను. రంగు చక్కగా బంగారంలా వచ్చింది, చల్లారాక కరకరలాడింది. సంతోషంగా డబ్బాలో పెట్టాను. పొద్దున మూత తీసి ఒకటి పట్టుకుంటే రెండు వేళ్ల మధ్య తడి గుడ్డలా వంగింది. ఫ్రక్టోజ్ గాలిలోని తేమను కూడా లాగేస్తుంది.

మూడో ట్రేలో తేనె 10 గ్రాములకు తగ్గించి, ఆ మేరకు తెల్ల చక్కెర పెంచాను. మర్నాటికీ కరకరలాడింది గానీ తేనె ఉందని చెబితే తప్ప తెలియలేదు. ఇక్కడ నాలుగు రోజులు ఆగిపోయాను. నోటుబుక్కు ముందు వేసుకుని తేనె ఎంత, తేనె ఎంత అని దాన్నే చూస్తూ ఉన్నాను. అసలు ప్రశ్న ముద్దలో మొత్తం నీళ్లు ఎంత అన్నది. 20 గ్రాముల గుడ్డులో 15 గ్రాములు నీళ్లే! తేనె 20 గ్రాములు, చక్కెర 55 గ్రాములు పెట్టి, గుడ్డు పూర్తిగా తీసేయాలనుకున్నాను. అవి రెండు మార్పులు కాబట్టి రెండు ట్రేలుగా చేశాను. ముందు తేనె, తర్వాత గుడ్డు. ఐదో ట్రే విరిస్తే వచ్చిన శబ్దం పక్క గదిలోకి వినిపించింది. మూడో రోజుకు కూడా మెత్తబడలేదు.

తర్వాత నువ్వులు. 30 గ్రాములు దోరగా వేయించి కలిపితే తేనెను పూర్తిగా మింగేశాయి. 15కి తగ్గించి, అవి కూడా ముద్దలో కలపకుండా ఉండను పైన మాత్రమే అద్దాను. అలా చేస్తే కొరకగానే నువ్వులు, నమిలాక తేనె. రాసుకున్న వాక్యంలో "చివర్లో" అన్న మాట లేకపోతే ఈ ఆలోచన నాకు వచ్చేది కాదు.

రుచి చూసేటప్పుడు

వేడి మీద ఏ కుకీ అయినా బాగుంటుంది, ఆ రుచిని నమ్మకండి. పూర్తిగా చల్లారాక ఒకసారి, మర్నాడు ఒకసారి తినండి. పచ్చి ముద్దను మాత్రం నాకి చూడొద్దు. పచ్చి గుడ్డులోనే కాదు, పచ్చి పిండిలో కూడా హానికర బ్యాక్టీరియా ఉండవచ్చు.

ఇంట్లోవాళ్లను "బాగుందా?" అని అడిగితే మీ మొహం చూసి బాగుందనే అంటారు. ఇలా చేయండి. మూడు ప్లేట్లలో కుకీ ముక్కలు పెట్టండి. రెండింటిలో పాతది, ఒకదానిలో కొత్తది. ఏది వేరుగా ఉందో చెప్పమనండి. ఊరికే ఊహించినా ముగ్గురిలో ఒకరు సరిగ్గా చెప్పే అవకాశం ఉంది, కాబట్టి ఒక్కరు చెప్పగానే పొంగిపోకండి. కనీసం ఆరేడుగురిని అడగండి. ఎక్కువమంది తేడా కనిపెట్టలేకపోతే మీరు చేసిన మార్పు మీ ఊహలోనే ఉందన్నమాట, దాన్ని వదిలేసి ముందుకు వెళ్లొచ్చు. తేడా పట్టుకున్నవాళ్లను మాత్రం "ఏది నచ్చింది" అని కాకుండా "ఏం తేడా తెలిసింది" అని అడగండి. వాళ్లు వాడే మాటలు రాసి పెట్టుకోండి, తర్వాతి ట్రేకి దారి అక్కడే దొరుకుతుంది.

చివరి కాగితం

వరుసగా మూడుసార్లు ఒకేలా వచ్చాక రెసిపీని శుభ్రంగా తిరగరాయండి. గ్రాములు, డిగ్రీలు, ఉండ బరువు, నిమిషాలు రాసి, వాటితో పాటు ఎప్పుడు తీయాలో కంటికి కనిపించే గుర్తు కూడా చేర్చండి. ఉదాహరణకు "అంచు ముదురు బంగారు రంగుకు తిరిగి, మధ్యలో మెరుపు పోయాక" అని. ఆ కాగితాన్ని మీ పద్ధతి తెలియని ఒకరికి ఇచ్చి, మీరు పక్కన లేకుండా చేయమనండి. వాళ్లు ఎక్కడ ఆగి మిమ్మల్ని అడుగుతారో అక్కడ మీరు ఏదో రాయడం మరిచిపోయినట్టు.

నా కాగితం మా అక్కకిచ్చాను. పది నిమిషాలకే ఫోన్ చేసింది. "మెత్తటి వెన్న అని రాశావు, ఎంత మెత్తగానే? వేలు లోపలికి దిగిపోవాలా?" అంది. దిగకూడదక్కా, గుంట పడితే చాలు అని చెప్పి, ఆ మాటే కాగితంలో కలిపాను. మళ్లీ ఫోన్ రాలేదు. సాయంత్రం ఫోటో వచ్చింది. స్కేలు పక్కన పెట్టి తీసింది, 6.8 సెంటీమీటర్లు. నా నోటుబుక్కులో ఉన్నది 6.7.